సాహా అడిగిన లెక్క

ప్రజలు కట్టిన పన్నులతో నడిచే పరిశోధన ఎవరి సొత్తు? దానికెంత ఖర్చు పెట్టాలో, ఎవరి చేతికివ్వాలో, దాని వల్ల ఎవరికి మేలు జరిగిందో అడిగే హక్కు ఎవరికుంది? ఈ ప్రశ్నలు ఈనాడు పుట్టినవి కావు. 1954 మే 10న లోక్‌సభలో ఒక సభ్యుడు అణుశక్తిపై చర్చ లేవనెత్తి వీటినే సూటిగా సభ ముందు పెట్టారు. రాజకీయం ఆయన వృత్తి కాదు. నక్షత్రాల వెలుగును చదివే సూత్రాన్ని ప్రపంచానికందించిన భౌతిక శాస్త్రవేత్త ఆయన. తూర్పు బెంగాల్ పల్లెలో చిల్లర కొట్టు నడుపుకునే ఇంట, అగ్రకులాల పంక్తిలో చోటు దొరకని కులంలో పుట్టి పార్లమెంటు దాకా వచ్చిన మనిషి. ఆయన పేరు మేఘనాద్ సాహా.

విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించే నాకు ఒక విషయం తరచూ ఎదురవుతుంటుంది. భౌతికశాస్త్రం చదివిన విద్యార్థులకు సాహా సమీకరణం తెలుసు, సాహా తెలియదు. రాజకీయశాస్త్రం చదివినవారికి ప్రణాళికా సంఘం తెలుసు, దాని పుట్టుకలో ఆయన పాత్ర తెలియదు. కులంపై పరిశోధించేవారిలో చాలామందికి ఆయన ప్రస్తావనే తారసపడదు. ఒకే జీవితాన్ని మనం మూడు ముక్కలుగా కోసి, మూడు వేర్వేరు బీరువాల్లో పెట్టుకున్నాం. ఆ ముక్కలను కలిపి చూస్తే తప్ప, పరిశోధనకు ప్రభుత్వమే డబ్బు పెట్టాలని, పెట్టిన డబ్బుకు ప్రజలకు లెక్క చెప్పాలని ఆయన జీవితాంతం ఎందుకు పట్టుబట్టారో అర్థం కాదు.

సాహా 1893 అక్టోబరు 6న ఢాకా జిల్లాలోని శేవరాతలి గ్రామంలో జన్మించారు. తండ్రి జగన్నాథ్ సాహా, తల్లి భువనేశ్వరీ దేవి. ఎనిమిది మంది సంతానంలో ఆయన ఐదవవారు. తుఫాను వేళ పుట్టాడని మేఘనాథ్ అని పేరు పెట్టారట. మేఘాలకు నాథుడు, అంటే ఇంద్రుడు. ఆ పేరును తర్వాత ఆయన మేఘనాద్‌గా మార్చుకున్నారని జీవిత చరిత్రకారులు రాశారు. మారింది ఒక్క అక్షరమే. రామాయణం ఎరిగిన తెలుగు పాఠకులకు ఆ ఒక్క అక్షరం ఎంత దూరమో విప్పి చెప్పనక్కరలేదు. ఇంద్రుని పేరు పోయి, ఇంద్రుణ్ణి జయించిన రావణుని కొడుకు పేరు వచ్చింది.

ఇక్కడ ఒక వివరణ అవసరం. బెంగాల్‌లోని సాహాలు తమను వైశ్యులుగా గుర్తించాలని కోరినవారే కానీ, ఆ సమాజం వారిని అలా చూడలేదు. వ్యాపారం చేసుకున్నా వారిది నిచ్చెనలో కింది మెట్టే. తెలుగు నేల మీద వైశ్య అనే మాట వినగానే మన మనసులో మెదిలే హోదాను వారికి ఆపాదించుకోరాదు. అంటరానితనపు సంపూర్ణ క్రౌర్యాన్ని సాహా అనుభవించారనడం కూడా సరికాదు. ఆయన ఎదుర్కొన్నది కడుపునిండా అన్నం లేని పేదరికం, పక్కన కూర్చుని అన్నం తిననివ్వని కులం. ఆ రెండూ కలిసి ఆయన బాల్యాన్ని ఒరుసుకుపోయాయి.

ఊళ్లో ప్రాథమిక పాఠశాల దాటితే చదువు లేదు. కొడుకు కొట్టులో కూర్చుంటే చాలునని తండ్రి ఆలోచన. మైళ్ల దూరంలోని శిములియాలో మిడిల్ స్కూలు ఉంది. అక్కడ అనంతకుమార్ దాస్ అనే వైద్యుడు బాలుడికి తన ఇంట్లో తిండి, వసతి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ ఇంటి ఆవును చూసుకోవాలి, తిన్న కంచం తానే కడుక్కోవాలి. ఆ వైద్యుని ఔదార్యం గొప్పదే. అయినా కంచం ఎవరు కడగాలన్న నియమం ఆ ఔదార్యంలోనూ చెక్కుచెదరలేదు. దయగల ఇంట కూడా కులం ఎలా కాపురముంటుందో ఆ పసివాడు అక్కడే నేర్చుకుని ఉంటాడు.

మిడిల్ స్కూలు పరీక్షలో ఢాకా జిల్లాకే ప్రథముడై నెలకు 4 రూపాయల ప్రభుత్వ ఉపకార వేతనం సంపాదించారు. జనపనార మిల్లులో పనిచేసే అన్న జయనాథ్ తన చిన్న జీతంలోంచి నెలకు 5 రూపాయలు పంపేవారు. తూర్పు బెంగాల్ వైశ్య సమితి 2 రూపాయలిచ్చేది. ఒకటి సర్కారు సొమ్ము, ఒకటి కార్మికుని చెమట, ఒకటి కులస్థుల చందా. ఈ మూడూ కలిస్తేనే ఢాకా కాలేజియేట్ స్కూల్లో చదువు సాగింది. వీటిలో ఏ ఒక్కటి ఆగినా ఈ దేశానికి సాహా అనే శాస్త్రవేత్త ఉండేవారు కారు.

ఒకటి ఆగనే ఆగింది. 1905లో బెంగాల్ విభజన జరిగింది. ఆ ప్రాంత గవర్నర్ బాంఫైల్డ్ ఫుల్లర్ రాకను విద్యార్థులు బహిష్కరించారు. అందులో పాల్గొన్నందుకు సాహాను బడి నుంచి తొలగించారు, ఉపకార వేతనమూ రద్దు చేశారు. పన్నెండేళ్ల పిల్లవాడి చదువును ఒక ప్రభుత్వ ఉత్తర్వు నిలబెట్టింది, మరో ఉత్తర్వు కూలదోయబోయింది. కిశోరీలాల్ జూబిలీ స్కూలు ఫీజు లేకుండా చేర్చుకోవడంతో ఆయన గట్టెక్కారు. 1909లో ఎంట్రన్స్ పరీక్షలో తూర్పు బెంగాల్‌లో మొదటి స్థానం సాధించారు. ప్రభుత్వ సాయం పాలకుల ఇష్టాయిష్టాలకు లోబడిన భిక్షగా ఉన్నంతకాలం పేదవాడి చదువుకు భద్రత లేదన్న సత్యం అప్పుడే ఆయన అనుభవంలోకి వచ్చింది.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ గురువులు. సత్యేంద్రనాథ్ బోస్ సహాధ్యాయి. బీఎస్సీలోనూ ఎమ్మెస్సీలోనూ బోస్‌ది మొదటి స్థానం, సాహాది రెండవ స్థానం. తరగతి గదిలో అంత దగ్గరగా కూర్చున్న మేధావులకు వసతి గృహంలో ఒకే మర్యాద దక్కలేదు. ఈడెన్ హిందూ హాస్టల్‌లో కొందరు అగ్రకుల విద్యార్థులు సాహాతో సహపంక్తికి నిరాకరించారు. సరస్వతీ పూజనాడు ఆయనను వేదిక దగ్గరికి రానివ్వలేదని జీవిత చరిత్రకారులు నమోదు చేశారు. గణితంలో కళాశాల మొత్తానికి రెండవవాడు చదువుల తల్లి ముందు పువ్వు పెట్టడానికి పనికిరానివాడయ్యాడు. ప్రతిభ ఉంటే కులం అడ్డురాదని నేటికీ చెప్పేవారు ఈ ఒక్క ఘట్టానికి సమాధానం చెప్పగలగాలి.

చదువు పూర్తయ్యాక ఆర్థికశాఖ ఉద్యోగ పరీక్ష రాయాలనుకున్నారు. విప్లవకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. సైకిల్ మీద తిరుగుతూ ట్యూషన్లు చెప్పి కుటుంబాన్ని ఆదుకున్నారు. ఆ సమయంలో అశుతోష్ ముఖర్జీ చొరవతో, తారక్‌నాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్‌ల విరాళాలతో కలకత్తా విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలను నిర్మించారు. 1916లో సాహా, బోస్ అందులో ఉపన్యాసకులుగా చేరారు. జర్మన్ నేర్చుకుని ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీల సాపేక్షతా పత్రాలను ఆంగ్లంలోకి అనువదించారు.

పరిశోధనకు డబ్బు లేకపోతే ఏమవుతుందో తెలిపే ఒక ఉదంతం ఆ రోజుల్లోనే జరిగింది. వెలుతురు పరమాణువులపై కలిగించే ఒత్తిడి ఒక్కో మూలకంపై ఒక్కో తీరున ఉంటుందని 1917లో సాహా ఒక సిద్ధాంత వ్యాసం రాసి, అమెరికాలోని ప్రముఖ ఖగోళ భౌతిక పత్రికకు పంపారు. వ్యాసం పెద్దది, అచ్చు ఖర్చులో కొంత రచయిత భరించాలన్నది అక్కడి నుంచి వచ్చిన సమాధానం. ఆ స్తోమత ఆయనకు లేదు. చివరికి ఆ వ్యాసం బయటి ప్రపంచం అంతగా చూడని కలకత్తా విశ్వవిద్యాలయ పత్రికలో వెలువడింది. ఆ ఆలోచనకు తర్వాతి కాలంలో ఇతరుల పేర్లు స్థిరపడ్డాయి. ఆ బాధ ఆయనను ఏళ్ల తరబడి వదల్లేదు. పేదవాని ఆలోచన ఆలస్యంగా చేరడం దాని తప్పు కాదు, దారి ఖర్చు లేకపోవడమే దాని తప్పు.

1920లో ఆయన పేరును చిరస్థాయి చేసిన వ్యాసం వెలువడింది. సూర్యుని వర్ణావరణంలో పరమాణువులు ఏ ఉష్ణోగ్రత వద్ద, ఏ పీడనం వద్ద ఎలక్ట్రాన్లను కోల్పోయి అయాన్లుగా మారతాయో లెక్కగట్టే సమీకరణం అందులో ఉంది. అప్పటివరకు నక్షత్రాల వర్ణపటాలను రంగులను బట్టి, గీతలను బట్టి వరుసలు పేర్చడమే తప్ప ఆ గీతల అర్థం తెలియదు. సాహా సూత్రంతో అవి చదవదగిన లిపి అయ్యాయి. 1925లో సిసీలియా పేన్ అదే సూత్రం ఆధారంగా నక్షత్రాలలో అత్యధిక భాగం హైడ్రోజన్, హీలియమేనన్న ఫలితానికి చేరుకున్నారు. చిల్లర కొట్టు కొడుకు చేతిలో రూపుదిద్దుకున్న లెక్క విశ్వం దేనితో తయారైందో చెప్పింది.

1923లో అలహాబాద్ విశ్వవిద్యాలయానికి వెళ్లి పదిహేనేళ్లు అక్కడ పనిచేశారు. బోధన భారం ఎక్కువ, ప్రయోగశాల దాదాపు శూన్యం. తన సిద్ధాంతాన్ని తానే ప్రయోగంతో నిరూపించుకునే పరికరాలు ఆయనకు లేవు. 1927లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చిన తర్వాతే సంయుక్త ప్రాంతాల ప్రభుత్వం ఏటా 5,000 రూపాయల పరిశోధన నిధి మంజూరు చేసింది. అంటే లండన్ గుర్తించిన తర్వాతే లక్నోకు కనిపించారు. ప్రతి పరిశోధకుడికీ రాయల్ సొసైటీ దొరకదు కదా. వ్యక్తి ఘనతను చూసి కరుణించే నిధి కాక, పద్ధతి ప్రకారం అందే నిధి కావాలన్న ఆయన వాదం ఈ అనుభవంలోంచే పెరిగింది.

ఆ తర్వాత ఆయన జీవితం సంస్థల నిర్మాణంగా సాగింది. అలహాబాద్‌లో 1930లో సైన్స్ అకాడమీకి పునాది వేశారు. 1934లో భారత సైన్స్ కాంగ్రెస్ అధ్యక్షునిగా అఖిల భారత స్థాయి అకాడమీ ఆవశ్యకతను ప్రతిపాదించారు, మరుసటి ఏడే అది ఏర్పడింది. 1935లో సైన్స్ అండ్ కల్చర్ అనే మాసపత్రికను ప్రారంభించారు. వరదలు, విద్యుత్తు, పరిశ్రమలు, విశ్వవిద్యాలయాలు, పరిశోధన నిధులు, ఏ అంశంపైనైనా ప్రభుత్వాన్ని అంకెలతో నిలదీసిన వేదిక అది. శాస్త్రవేత్తలు తమ ఖర్చు గురించి, ప్రభుత్వపు ఖర్చు గురించి చదువరుల సమక్షంలో వాదించుకునే సంప్రదాయాన్ని ఆ పత్రిక మన దేశంలో నిలబెట్టింది.

1938లో శాంతినికేతన్‌లో చేసిన ప్రసంగం, దానిపై బెంగాలీ పత్రికలో సాగిన వాదోపవాదాలు కులం గురించి ఆయన ఆలోచనను బయటపెట్టాయి. సమస్త విజ్ఞానం వేదాల్లోనే ఉందన్న వాదాన్ని ఆయన నిశితంగా ఎగతాళి చేశారు. తలతో పనిచేసేవారిని శిఖరాన, చేతులతో పనిచేసేవారిని పాతాళాన ఉంచిన సమాజంలో ప్రయోగ విజ్ఞానం ఎదగలేకపోయిందని వాదించారు. నేసేవానికి, కొలిమి దగ్గర నిలిచినవానికి, తోలు పదును పెట్టేవానికి పదార్థం గురించి తెలిసిన సంగతులు గ్రంథాలకెక్కలేదు. గ్రంథాలు రాసేవారు పదార్థాన్ని ముట్టలేదు. ఆయన గురువు ప్రఫుల్ల చంద్ర రాయ్ హిందూ రసాయనశాస్త్ర చరిత్రలో చేసిన విశ్లేషణ కూడా ఇదే. కులం మనుషులకే గాక జ్ఞానానికీ ద్రోహం చేసిందన్న ఈ అవగాహన మనం అందుకోవలసిన వారసత్వం.

ఆ ఏడాదే కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాష్ చంద్ర బోస్ జాతీయ ప్రణాళికా సంఘాన్ని ఏర్పాటు చేశారు. దాని వెనుక సాహా ఒత్తిడి ఉంది. నెహ్రూ దానికి అధ్యక్షత వహించాలని పట్టుబట్టినవారిలో ఆయనొకరు. విద్యుత్తు, ఇంధన ఉపసంఘం బాధ్యత స్వయంగా తీసుకున్నారు. 1943లో దామోదర్ నది పొంగి కలకత్తాకు దారులు తెగిపోయినప్పుడు విచారణ సంఘంలో సభ్యులయ్యారు. అమెరికాలోని టెన్నెసీ లోయ పథకం నమూనాగా దామోదర్ లోయ ప్రణాళికను ముందుకు తెచ్చారు. 1948లో ఆ సంస్థ ఏర్పడింది. తాను కోరి సాధించిన పథకమని మొహమాటపడలేదు. ఆ తర్వాత పార్లమెంటులో నదీ లోయ పథకాల అమలు తీరును విమర్శించినవారిలోనూ ఆయన ముందున్నారు.

అణు పరిశోధన విషయంలో ఆయన అనుభవం మరింత చేదుగా ముగిసింది. 1938లో కలకత్తాకు తిరిగి వచ్చి, తన విద్యార్థి బి.డి. నాగ్ చౌధురిని బర్క్లీలో లారెన్స్ వద్దకు పంపి, దేశంలో సైక్లోట్రాన్ నిర్మాణానికి పూనుకున్నారు. దొరాబ్జీ టాటా ట్రస్టు 60,000 రూపాయలిచ్చింది. యుద్ధకాలంలో పంపులను తెస్తున్న ఓడ మునిగిపోయింది. యంత్రం ఏళ్ల తరబడి కుంటుతూ సాగింది. అయినా 1950 జనవరి 11న ఐరీన్ జోలియో క్యూరీ చేతుల మీదుగా అణు భౌతికశాస్త్ర సంస్థ ప్రారంభమైంది. దాన్ని ఆయన విశ్వవిద్యాలయంతో అనుబంధంగానే నిర్మించారు.

ఈలోగా 1948లో అణుశక్తి చట్టం వచ్చింది. హోమీ భాభా అధ్యక్షతన కమిషన్ ఏర్పడింది. పరిశ్రమల పునాది, శిక్షణ పొందిన యువతరం లేకుండా పైనుంచి కమిషన్ పెట్టడం సరికాదన్నది సాహా అభిప్రాయం. ఆయన అభ్యంతరంలో రెండు భాగాలున్నాయి. మొదటిది, పరిశోధనకు కేంద్రం విశ్వవిద్యాలయమే కావాలి. బోధనను ఒకచోట, పరిశోధనను మరోచోట పెడితే విశ్వవిద్యాలయాలు ఎండిపోతాయి. అవి ఎండిపోతే పల్లె నుంచి వచ్చే పిల్లలకు విజ్ఞానపు తలుపే మూసుకుపోతుంది. 1948–49లో రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లో సభ్యుడిగా ఆయన దేశంలోని విద్యాలయాల దుస్థితిని దగ్గరగా చూశారు. రెండవది, రహస్యం. జాతీయ భద్రత పేరిట పరిశోధన వివరాలు మూతపడితే డబ్బిచ్చే ప్రజలకు దాని మంచిచెడ్డలు తెలిసే మార్గం ఉండదు.

సాహా, భాభాల విభేదాన్ని ఇద్దరు మేధావుల అహంకారాల పోరుగా చిత్రించడం పరిపాటి. భాభా దక్షతను, ఆయన నిర్మించిన సంస్థల ఘనతను తక్కువ చేయనవసరం లేదు. కానీ ఆ ఇద్దరూ నిలబడిన నేల ఒకటి కాదు. ఒకరు సంపన్న కుటుంబంలో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివి, ప్రధానితో చనువు కలిగినవారు. ఆయనకు ఒక ఉత్తరంతో తెరుచుకునే తలుపులు సాహాకు సభలో నిలబడి అడిగినా తెరుచుకోలేదు. చనువుతో పనులయ్యేవారికి పారదర్శకత అవసరమనిపించదు. చనువు లేనివారికి దిక్కు అదొక్కటే.

అందుకే 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో కలకత్తా వాయవ్య స్థానం నుంచి వామపక్షాల మద్దతుతో స్వతంత్రునిగా పోటీ చేసి, కాంగ్రెస్ అభ్యర్థిని ఓడించి లోక్‌సభకు వచ్చారు. శాస్త్రవేత్త ప్రయోగశాల వదిలి రాజకీయాల్లోకి ఎందుకని విమర్శించినవారికి ఆయన సమాధానం ఆయన పనిలోనే ఉంది. విద్య, పరిశ్రమలు, నదీ పథకాలు, శరణార్థుల పునరావాసం, వీటన్నిటిపై ఆయన అంకెలు పట్టుకుని మాట్లాడారు. 1954 మే చర్చలో అణుశక్తి చట్టంలోని గోప్యతను తొలగించాలని, నిధులు పెంచాలని, విశ్వవిద్యాలయాలనూ విస్తృత శాస్త్ర సమాజాన్నీ ఆ కార్యక్రమంలో భాగస్వాములను చేయాలని కోరారు. నిధులు పెంచమన్న నోటితోనే లెక్క చెప్పమనడం ఆ ప్రసంగపు ప్రత్యేకత. మన శాస్త్రవేత్తలలో నిధులు అడిగినవారు ఎందరో ఉన్నారు. తమ వర్గమే లెక్క చెప్పాలని అడిగినవారు అరుదు.

ప్రభుత్వం ఆయన దారిలో నడవలేదు. అదే ఏడాది ఆగస్టులో అణుశక్తి శాఖ ప్రధాని చేతి కింద ఏర్పడింది. 1962 నాటి కొత్త చట్టం గోప్యతను సడలించలేదు, మరింత బిగించింది. ఆయన మాట నెగ్గిన ఒక చోటు పంచాంగం. దేశంలో ఊరికొకటిగా ఉన్న పంచాంగాలను ఖగోళ లెక్కలతో సరిచూసి సంస్కరించే సంఘానికి అధ్యక్షత వహించారు. ఆ సంఘం సిఫారసు చేసిన జాతీయ క్యాలెండర్ 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. సరస్వతీ పూజావేదిక నుంచి వెనక్కి పంపిన విద్యార్థే దేశానికి తిథులు లెక్కగట్టి ఇచ్చారు. ఆ రోజును చూడటానికి ఆయన లేరు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి నడిచి వెళ్తూ గుండెపోటుతో కుప్పకూలారు. అప్పటికి ఆయన వయసు 62.

సాహాను విగ్రహం చేసి పూజించనక్కరలేదు. భారీ ఆనకట్టలపై ఆయన పెట్టుకున్న నమ్మకంలో ముంపునకు గురయ్యే ఆదివాసీ కనిపించలేదు. దామోదర్ లోయలో మైథాన్, పంచేత్ జలాశయాల కింద భూములు పోగొట్టుకున్నవారిలో సంతాల్ కుటుంబాలెన్నో ఉన్నాయి. జవాబుదారీతనం గురించి అంతగా మాట్లాడిన మనిషి, ఆ జవాబు ముందుగా వినవలసిన వారిని లెక్కలోకి తీసుకోలేదు. తన కులానుభవాన్ని ఆయన బహిరంగ రాజకీయంగానూ మలచలేదు. ఆయన అడిగిన ప్రశ్నను ఆయన కంటే ముందుకు తీసుకుపోవలసిన పని మనది.

ఆ పని ఎంత మిగిలి ఉందో ఒక్క చట్టం చాలు చెప్పడానికి. కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాలలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు రిజర్వేషన్ కల్పిస్తూ పార్లమెంటు 2006 చట్టాన్ని చేసింది. శ్రేష్ఠమైనవి, వ్యూహాత్మక ప్రాధాన్యం కలవి అని చెప్పి కొన్ని పరిశోధన సంస్థలను ఆ చట్టం పరిధి నుంచి మినహాయించి ఒక షెడ్యూలు చేర్చింది. భాభా పేరిట ఉన్న జాతీయ సంస్థ, దాని అనుబంధ కేంద్రాలు ఆ షెడ్యూలులో మొదట ఉన్నాయి. ఆ అనుబంధ కేంద్రాలలో ఒకటి కలకత్తాలోని సాహా అణు భౌతికశాస్త్ర సంస్థ. ఆయన స్వయంగా కట్టిన సంస్థ, ఆయన మరణానంతరం ఆయన పేరు పెట్టుకున్న సంస్థ అది. నాలుగు రూపాయల ప్రభుత్వ ఉపకార వేతనంతో పైకొచ్చిన మనిషి పేరు గల గుమ్మానికి, ఆయన వంటి పిల్లలకు దారి చూపే చట్టం వర్తించదు. 2019లో అధ్యాపక నియామకాలపై వచ్చిన చట్టంలోనూ అదే తరహా మినహాయింపు కొనసాగింది.

శ్రేష్ఠత అనే మాటకు సామాజిక న్యాయం ప్రతిబంధకమన్న భావన ఆ షెడ్యూలుకు పునాది. సాహా జీవితమే దాన్ని పూర్వపక్షం చేస్తుంది. మన దగ్గర పూర్వం రాజులు పన్ను లేని భూములను కొందరికి అగ్రహారాలుగా రాసిచ్చేవారు. పండించేది ఒకరు, అనుభవించేది మరొకరు, లెక్క అడిగేవారు లేరు. ప్రజాధనంతో నడుస్తూ, ప్రజల ప్రాతినిధ్యం నుంచి మినహాయింపు పొందే పరిశోధన సంస్థను మరే పేరుతో పిలవగలం?

మరోవైపు ఆ ప్రజాధనమే తరిగిపోతోంది. 2020–21 లెక్కల ప్రకారం పరిశోధనపై దేశం చేసే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. 2023లో చట్టబద్ధమైన అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థకు ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూరుస్తామన్నారు. అందులో అధిక భాగం ప్రైవేటు రంగం నుంచి వస్తుందని అంచనా వేశారు. అచ్చు ఖర్చు లేక ఆగిపోయిన 1917 నాటి వ్యాసం సంగతి తెలిసినవారికి, దాతల దయపై పరిశోధన నడిస్తే ఎవరి ఆలోచనలు దారిలో నిలిచిపోతాయో తెలుసు. నిధి ఆలస్యం అందరికీ ఒకేలా ఉండదు. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగిన విద్యార్థికి అది అసౌకర్యం. ఇంటికి డబ్బు పంపవలసిన విద్యార్థికి అది గండం. 2016 జనవరిలో హైదరాబాద్‌లో ప్రాణం తీసుకున్న గుంటూరు బిడ్డ రోహిత్ వేముల, విజ్ఞాన రచయిత కావాలని కలగన్నవాడు. తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ బకాయిని చివరి లేఖలో ప్రస్తావించి వెళ్లిపోయాడు. ఆ లెక్క ఈ దేశం మనసులోంచి చెరగరాదు.

కాబట్టి పరిశోధనకు నిధులు పెంచమని శాస్త్రవేత్తలు వీధుల్లోకి వచ్చినప్పుడు బహుజన సమాజం వారి వెంట నడవాలి. అదే సమయంలో వారిని కొన్ని ప్రశ్నలు అడగాలి. ప్రతి పరిశోధన సంస్థ తన విద్యార్థుల, అధ్యాపకుల, నిధులు పొందినవారి సామాజిక వివరాలను, సమాచార హక్కు దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా ఏటా తానే ప్రకటిస్తుందా? ఫెలోషిప్ ప్రతి నెలా నిర్ణీత తేదీకి అందేలా చట్టబద్ధమైన హామీ ఉంటుందా? రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు, ముఖ్యంగా మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఖాళీ పోస్టులతో కునారిల్లుతున్న విద్యాలయాలకు, కేంద్ర పరిశోధన నిధిలో న్యాయమైన వాటా దక్కుతుందా? ఆ మినహాయింపుల షెడ్యూలును రద్దు చేయమని శాస్త్రవేత్తలే ముందుండి కోరతారా?

షెడ్యూలును సవరించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఆ చట్టమే ఇచ్చింది. కొత్త శాసనం అక్కరలేదు, సంకల్పం చాలు. ఆ సవరణ సాహా పేరున్న సంస్థతోనే మొదలుకావాలి.